అప్పుడప్పుడు వచ్చే జబ్బు

ఎప్పుడూ ఉండే జబ్బును వైద్యుడు సులభంగా పట్టుకొంటాడు. వచ్చి పోయే జబ్బే మనిషిని తిప్పలు పెడుతుంది. వైద్యుని గుమ్మం ఎక్కేసరికి జ్వరం దిగిపోయి ఉంటుంది. "నాడి బాగానే ఉన్నదే" అని ఆయన అంటాడు. మనము సిగ్గుపడి తిరిగి వస్తాము. ఆ రాత్రే మళ్లీ ఒళ్లు కాలుతుంది. బండ్లకు కూడా ఇట్టి జబ్బు ఉన్నది. దానిని పట్టుకొనే పద్ధతి తెలియక, మేము ఒక పిల్లవాని మీద రాని నింద మోపబోయినాము. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు. బండ్ల గొడవ మనకెందుకని పాఠకులు పుట తిప్పివేయకుందురు గాక. కథ చివరకు వంటింటి నూనెడబ్బా దగ్గరకే వస్తుంది.

మా తమ్ముడు 2020లో పికప్పు బండి ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనుక ఒక టన్నుకు పైగా సరకు పట్టే బాడీ; మన రాజపాళయం రోడ్ల మీద పొద్దున లేస్తే కనబడే బండే. మామిడికాలంలో మామిడి, మిగిలిన రోజుల్లో కొబ్బరికాయలు, నూలు మూటలు, ఛత్రపట్టిలో నేసే ఆసుపత్రి గాజుగుడ్డ, కట్టుగుడ్డ బేళ్లు, ఇవి దాని బాడుగలు. తమ్మునికి తిరగడం వచ్చునే గాని లెక్కలు రావు. మేము ఆఫీసులో పగలంతా లెక్కలు వ్రాసేవారమే గనుక రాత్రి ఈ లెక్క కూడా మాకే వచ్చి పడింది.

2022 జూనులో కొల్లానికి గాజుగుడ్డ బేళ్లు చేర్చే బాడుగ ఒకటి కుదిరింది. నెలకు అయిదు ప్రయాణాలు. తెన్‌కాశి, సెంగోట దాటి, ఆర్యంకావు కొండదారి మీదుగా కేరళ దేశంలో దిగాలి. తమ్ముడు సంతోషించినాడు. ఆగస్టులో లెక్క చూసేటప్పుడు మాకు మాత్రం ఒక సంగతి కంట్లో నలుసులాగ పడింది. అంతకుముందు బండి లీటరు డీజిలుకు 13 కిలోమీటర్లు నడిచేది. ఆ ప్రకారం నెలకు 2,600 కిలోమీటర్లకు 200 లీటర్లు చాలాలి. జూలైలో 236 లీటర్లు అయినవి. ముప్పై ఆరు లీటర్లు ఎక్కడికి పోయినవి?

డ్రైవరు ఇరవై మూడేళ్ల కుర్రవాడు. తమిళుడు, నెమ్మదస్తుడు, ఇంటికి ఒక్కడే సంపాదించేవాడు. అప్పటిదాకా వాని మీద ఒక్క మాట లేదు. అయినా అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరకే అనలేదు. "దారిలో తీసి అమ్ముకొంటున్నాడేమో" అని మొదట అన్నది తమ్ముడు కాదు, మేమే. అనడంతో ఆగక, మదురైకి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో తాళం ఉన్న డీజిలు ట్యాంకు మూత కొనుక్కొని వచ్చి మా చేత్తోనే బిగించినాము. బండితో వచ్చిన పాత మూతను ఇంట్లో సొరుగులో పడవేసినాము. తాళంచెవి తమ్ముని దగ్గర. ఇక డీజిలు పోయించడం వాని పనే. ఎల్లదాటితే ధర ఎక్కువని, కొల్లం ప్రయాణానికి ముందు రాత్రి మన ఊరి బంకులోనే గొంతు దాకా నింపించి తాళం వేసేవాడు. ఊళ్లో తిరగడానికయితే అయిదువందలకో వెయ్యికో పోయించేవాడు. డ్రైవరు ఆ మూత వంక చూచినాడు, మా వంక చూచినాడు, ఏమీ అనలేదు.

సెప్టెంబరులో జబ్బు మొదలయింది. కొల్లానికి పోతున్న బండి శివగిరి దాటేసరికి ఉన్నట్టుండి బలం తగ్గిపోయింది. యాక్సిలరేటరు ఎంత నొక్కినా అరవైలో పోయేది ముప్పైకి దిగి మూలుగుతూ పోతుంది. "వండి ఇళుక్కలే సార్" అని మాకే ఫోను చేసినాడు. ఓరగా నిలిపి పావుగంట ఉంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ లాగింది. తిరిగి వచ్చిన తరువాత షెడ్డులో పెడితే ఏ లోపమూ లేదు. వారం రోజులు ఊళ్లో చక్కగా తిరిగింది. మరుసటి కొల్లం ప్రయాణంలో మళ్లీ అదే పాట.

ఊళ్లో చిన్నా పెద్దా అణ్ణాచ్చి అని పిలిచే మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. తన పని మీద పట్టు ఉన్నవాడు. ఆయన మాకు విప్పి చెప్పినాడు. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిలు ఇంజనుకు అక్కరలేదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే డీజిలు అంటుకొంటుంది. రుడాల్ఫ్ డీజిలు అనే ఆయన 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో నడిపి చూపించిన కిటుకు అదే. కనుక బలం తగ్గితే చూడవలసినవి ముఖ్యంగా మూడు: గాలి సరిగా వస్తున్నదా, డీజిలు సరిగా వస్తున్నదా, నొక్కుడు సరిగా ఉన్నదా. నొక్కుడు పోతే పావుగంటలో తిరిగి రాదు గనుక అది కాదు. గాలి చాలకపోతే నల్లపొగ వస్తుంది. మా డ్రైవరు పొగ లేదన్నాడు. మిగిలింది డీజిలు.

ఈ కాలపు డీజిలు బండ్లలో పంపు డీజిలును ఒక ఉక్కు గొట్టంలోనికి వేయి బార్లకు మించిన ఒత్తిడితో నెట్టుతుంది. దానిని రైలు అంటారు. ఒత్తిడి తగ్గితే బండిలోని కంప్యూటరు ఇంజనుకు హాని కలగకుండా బలం తగ్గించివేసి, ఎర్రదీపమో పచ్చదీపమో వెలిగించి, లోపాన్ని ఒక అంకెగా గుర్తు పెట్టుకొంటుంది. స్కానరు తగిలించి చూస్తే ఆ అంకె తెలుస్తుంది. మా బండికి వచ్చిన అంకె "రైలులో ఒత్తిడి తక్కువ" అని. ఒత్తిడి ఎందుకు తక్కువయిందో ఆ యంత్రం చెప్పదు. అది ఫిర్యాదు కాగితం వంటిదే గాని తీర్పు కాదు.

అణ్ణాచ్చి డీజిలు ఫిల్టరు మార్చినాడు. అడుగున చేరే నీరు తీసివేసినాడు. రబ్బరు గొట్టాలూ వాటి క్లిప్పులూ బిగించినాడు. బ్యాటరీ ఎర్తు తీగెను గీకి శుభ్రం చేసినాడు. ఒక్కొక్కటి మార్చి తానే నడిపి చూసేవాడు. బండి గుర్రంలాగ పోయేది. తరువాతి కొల్లం ప్రయాణంలో మళ్లీ మొరాయించేది. చివరకు ఆయన, "ఇక పెద్ద పంపు, ఇంజెక్టర్లు విప్పి మదురైకి పరీక్షకు పంపాలి. నలభై వేలకు తక్కువ కాదు" అన్నాడు. ఆ మాట విని మా మరదలు లోపలికి పోయి తన గాజులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

తమ్మునికి కోపం డ్రైవరు మీదకు తిరిగింది. "మూతకు తాళం వేసినప్పటి నుంచే ఈ పీడ, అన్నా. వానికి రాబడి పోయింది. ఆ కచ్చతో ఏదో చేస్తున్నాడు. దీపావళికి జీతమిచ్చి పంపివేస్తాను" అన్నాడు. మాకూ అదే నిజమనిపించింది. తాళం పడినప్పటి నుంచే జబ్బు, ఆ సంగతి ముమ్మాటికీ నిజం. దానికి మేము చెప్పుకొన్న కారణమే తప్పు.

ఆ సంవత్సరం ఆయుధపూజ అక్టోబరు 4న వచ్చింది. బండికి చందనం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి పూజ చేసినాము. డ్రైవరు దాన్ని ఎంత శ్రద్ధగా కడిగి తుడిచినాడో చూచిన తరువాత మనసు ఊరుకోలేదు. కచ్చ ఉన్నవాడు బండిని అట్లా తుడవడు. ఆ రాత్రి మాకు చలిజ్వరాల సంగతి జ్ఞాపకం వచ్చింది. రుడాల్ఫ్ డీజిలు ఇంజను నడిచిన ఆ 1897లోనే, ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినాడు. అంతకు చాలాకాలం ముందే వైద్యులు జ్వరాన్ని అది వచ్చే వేళను బట్టి గుర్తించేవారు. రోజు విడిచి రోజు వచ్చేది మూడవనాటి జ్వరం, రెండు రోజులు విడిచి వచ్చేది నాలుగవనాటి జ్వరం అని. రోగి ఎదుట లేకున్నా, ఏ నాడు వచ్చింది, ఏ నాడు రాలేదు అన్న లెక్క ఎదుట ఉంటే చాలు.

మరునాడు విజయదశమి. ఒక కొత్త నోటుపుస్తకానికి గీతలు గీసి డ్రైవరు చేతికిచ్చినాము. తేదీ, బయలుదేరిన వేళ, బరువు, ట్యాంకులో డీజిలు ఎంత, ఎండా వానా, ఎత్తా పల్లమా, జబ్బు వచ్చిందా, వస్తే ఎన్ని కిలోమీటర్లకు, ఎంతసేపు నిలిపితే కుదిరింది, ఇవీ గళ్లు. "జబ్బు రాని రోజు కూడా వ్రాయాలి, అది మరచిపోకు" అని మరీ మరీ చెప్పినాము. అతడు తమిళంలో వ్రాసి ఇచ్చేవాడు. మేము రాత్రి తెలుగులో ఎక్కించుకొనేవారము. మన ఇళ్లలో రెండు భాషలూ ఒకే గూట్లో ఉండేవే గదా.

ఒక ఆదివారం మేమే అతని పక్కన కూర్చొని పోయినాము. తెల్లవారుజాము, చల్లగా ఉన్నది. బేళ్ల బరువు ఎనిమిది వందల కిలోలకు మించదు. సేత్తూరు దాటింది, శివగిరి దాటింది, రోడ్డు బల్లపరుపుగా ఉన్నది. ఇరవై ఆరో కిలోమీటరులో బండి ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. దీపం వెలిగింది. అతడు కాలు తీసి, ఓరగా నిలిపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకొని మా వంక తిరగకుండానే, "ఇప్పుడు చూచినారు గదా సార్, నేనేమీ చేయలేదు" అన్నాడు. అతనికి మా అనుమానం మొదటినుంచీ తెలుసునని అప్పుడు తెలిసింది. ఆ పావుగంట మాకు చాలా పొడుగయింది. తరువాత బండి కదిలింది. కడయనల్లూరు దగ్గర మరొకసారి కొంచెం తగ్గింది. కొండ ఎక్కేటప్పుడు ఏమీ లేదు. తిరిగి ఇల్లు చేరేదాకా ఏమీ లేదు.

పదహారు రోజులకు 17 ప్రయాణాలు పుస్తకానికెక్కినవి. జబ్బు వచ్చినవి 5. మూడు తెన్‌కాశి రోడ్డులో, రెండు శ్రీవిల్లిపుత్తూరు అవతల మదురై రోడ్డులో. అందులో ఒకటి ఖాళీ బండి. కనుక బరువు కాదు. సగం ట్యాంకుతో పోయిన ఒక ప్రయాణంలో కొండ ఎక్కినా రాలేదు. కనుక ఎత్తు కాదు. వానలో రెండు, ఎండలో మూడు. కనుక తడి కాదు. డీజిలు గడి దగ్గర మాత్రం మా వేలు ఆగిపోయింది. వచ్చిన అయిదింటికీ "నిండు" అని ఉన్నది. రాని పన్నెండింటికీ "సగం", "తక్కువ" అని ఉన్నది. ఒక్కటి తప్పలేదు.

పుస్తకం తీసుకొని అణ్ణాచ్చి దగ్గరకు పోయినాము. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని మొదటినుంచి చివరిదాకా చదివినాడు. "ఇంజను జబ్బయితే నడిచేకొద్దీ ముదరాలి. ఇది నడిచేకొద్దీ నయమవుతున్నది. డీజిలు తగ్గేకొద్దీ నయమవుతున్నది" అని, కొంచెంసేపు ఆగి, "ట్యాంకు మూత ఎప్పుడు మార్చినారు?" అని అడిగినాడు. మేము చెప్పినాము. చెబుతుండగానే మా నోరు ఎండిపోయింది.

ఇప్పుడు నూనెడబ్బా దగ్గరకు రండి. కొత్త నూనెడబ్బాకు ఒక్క బెజ్జం పెట్టి వంచితే నూనె బుడుక్ బుడుక్‌మని ఆగి ఆగి పడుతుంది. ఎదురుమూలన రెండో బెజ్జం పెడితే ధారగా పడుతుంది. కొబ్బరికాయకు ఒక్క కన్నే పొడిస్తే నీళ్లు దిగవు, రెండో కన్ను పొడవాలి. ఏ పాత్రనుంచి ఏది బయటకు పోయినా ఆ చోటికి గాలి రావాలి. మా బండి ట్యాంకుకు గాలి వచ్చే దారి మూతలోనే ఉన్నది. పాత మూతకు అందుకు సన్నని రంధ్రం ఉన్నది. మేము కొన్న తాళం మూతకు లేదు.

మిగిలినది గుమాస్తా లెక్క. ట్యాంకు 60 లీటర్లది. గొంతు దాకా నింపితే పైన 3 లీటర్ల చోటు మిగులుతుందనుకొందాము. ఒక లీటరు డీజిలు ఇంజను తాగితే, లోపలి 3 లీటర్ల గాలి 4 లీటర్ల చోటులో సాగాలి. దాని ఒత్తిడి ముక్కాలుకు పడిపోతుంది. అదే సగం ట్యాంకయితే 30 లీటర్ల గాలి 31 లీటర్ల చోటులో సాగుతుంది. ఆ తేడా పంపుకు తెలియనే తెలియదు. మూత ఎంత బిగువైనదయినా సందుల్లో కొంత గాలి దూరుతూనే ఉంటుంది గనుక జబ్బు పది కిలోమీటర్లకు రాక ఇరవై అయిదు, ముప్పైకి వచ్చేది. పావుగంట నిలిపితే ఆ సందుల్లోనుంచే గాలి మెల్లగా చేరి, బండి కుదుటపడేది. షెడ్డులో ఎన్నడూ కనబడకపోవడానికి కారణం కూడా ఇదే. ప్రయాణం ముగించి వచ్చిన బండిలో సగం డీజిలే ఉండేది.

అణ్ణాచ్చి ఊహతో తృప్తిపడే మనిషి కాడు. "జబ్బును మనమే రప్పించాలి, మనమే పోగొట్టాలి, అప్పుడే కనిపెట్టినట్టు" అన్నాడు. ట్యాంకు నింపి, తాళం వేసి, శివగిరి వైపు నడిపించినాడు. అనుకొన్నట్టే లాగడం మానింది. తాళం తీసి మూత తిప్పగానే సుయ్యిమని గాలి లోపలికి పోయింది. అక్కడినుంచి బండి హాయిగా పరుగెత్తింది. మరునాడు సొరుగులోని పాత మూత బిగించి మళ్లీ నిండు ట్యాంకుతో తెన్‌కాశి దాకా పోయి వచ్చినాము. ఒక్కచోట కూడా ఆగలేదు. ఖర్చు ఏమీ లేదు. మా మరదలి గాజులు చేతికి ఎక్కినవి.

ఇంతకూ, డ్రైవరు చేతిలో తాళంచెవి ఉండి ఉంటే, మొదటి రోజే ఎక్కడో ఒకచోట మూత తీసి చూసి ఆ చప్పుడు వినేవాడు. చెవి మేము పెట్టుకొన్నాము గనుక మందు కూడా మా దగ్గరే ఉండిపోయింది.

మరి ఆ ముప్పై ఆరు లీటర్లో? అదీ పుస్తకమే చెప్పింది. చదునునేల మీద బండి ఇప్పటికీ లీటరుకు 13 కిలోమీటర్లే నడుస్తున్నది. బరువుతో కొండదారి ఎక్కి దిగే కొల్లం ప్రయాణంలో మాత్రం రానూపోనూ కలిపి 10 వస్తున్నది. నెలకు అయిదు ప్రయాణాలు, ఒక్కొక్కటి దాదాపు 300 కిలోమీటర్లు, వెరసి 1,500. దానికి 150 లీటర్లు. మిగిలిన 1,100కు 85 లీటర్లు. మొత్తం 235. మేము పోయినవనుకొన్నవి 236తో పోల్చిన లీటర్లు. దొంగ లేడు, దొంగతనమూ లేదు. కొండ ఉన్నది. మా లెక్కలో కొండకు గడి లేదు, అంతే. ఇరవై ఏళ్లుగా అంకెలతో బ్రతుకుతున్న మాకు, అంకె సరిగా ఉండి కూడా అబద్ధం చెప్పగలదని ఆ రాత్రి తెలిసింది.

దీపావళికి రెండు రోజుల ముందు డ్రైవరును ఇంటికి పిలిచినాము. తమ్ముడు బోనసు కవరు ఇచ్చినాడు. మేము తాళం మూత బల్ల మీద పెట్టి, "ఇది మేమే కొన్నాము. నీ మీద అనుమానంతో కొన్నాము. తప్పు మాది" అని తమిళంలో అన్నాము. ఇంతకంటె బాగా చెప్పాలని పగలంతా కూడబలుక్కొన్నదేదీ నోటికి రాలేదు. అతడు తల వంచుకొని కొంచెంసేపు ఉన్నాడు. పరవాలేదని అనలేదు. అననందుకు మాకు అతనిపై గౌరవమే పెరిగింది. గుమ్మం దాకా పోయి తిరిగి, "పుస్తకం ఇంకా వ్రాయమంటారా సార్?" అని అడిగినాడు. "నీ ఇష్టం" అన్నాము.

ఆ తరువాత రెండు పుస్తకాలు నిండినవి. ఇప్పుడు మూడవది బండి ముందరి పెట్టెలో ఉన్నది. బండ్లు ఉన్న మన వారికి మేము చెప్పగలిగినది ఇంతే. వచ్చి పోయే జబ్బుకు ఏ సామానూ మార్చకముందు ఒక నోటుపుస్తకం కొనండి. వచ్చిన రోజూ వ్రాయండి, రాని రోజూ వ్రాయండి. అది మొదలయ్యే ముందు బండిలో ఏది మారిందో అడగండి. మార్చినది మీరే అయితే అది మరీ ముందుగా చూడండి. మనుష్యుల పేరు మాత్రం ఆ పుస్తకం నిండేదాకా ఎత్తకండి.